ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు : చతురంగ కౌతుకము

క్రీడను గూర్చి మన శాస్త్రకారుల అభిప్రాయము ఏకరూపము కాదు. మనువు ద్యూతమును కామజములైన వ్యసనములలో లెక్కించి, రాజు దానిని దూరముగా వర్జింపవలెనని విధించెను. ప్రాణులతో ఆడునది సమాహ్వయమనియు, ప్రాణరహితములైన పాచికలు మొదలగు వానితో ఆడునది ద్యూతమనియు విభజించి, రెండింటిని రాజ్యనాశహేతువులుగనే గణించెను. ధర్మరాజు కథ ఈ శాసనమునకు ఉదాహరణముగా లోకమున నిలిచినది. కాని 12వ శతాబ్దియందు కల్యాణ చాళుక్య ప్రభువైన మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసమును రచించుచు, రాజు అనుభవింపదగిన వినోదములలో చతురంగమునకు స్థానము కల్పించెను. ఇందు విరోధము లేదు. పణమొడ్డి పాచిక వాలును నమ్ముకొనుట యొకటి; బుద్ధినే ఆధారముగా చేసికొని ఆడుట మఱియొకటి. మొదటిది ధనమును హరించును. రెండవది ధారణను, అవధానమును పెంచును.

ఈ రెండవ మార్గమును తన దీర్ఘజీవితమంతయు సేవించిన ప్రభువు మైసూరు సంస్థానాధీశుడు మూడవ కృష్ణరాజ ఒడెయరు (1794–1868). కన్నడ దేశమున ఆయన ముమ్మడి కృష్ణరాజుగా ప్రసిద్ధుడు. రాజకీయ చరిత్రకారులు ఆయనను 1831లో పాలనాధికారమును కోల్పోయిన రాజుగా మాత్రమే స్మరింతురు. సంస్కృతజ్ఞులు శ్రీతత్త్వనిధి కర్తగా ఎఱుగుదురు. చతురంగ గణితమునందు పరిశ్రమ చేసినవారు గుఱ్ఱపు నడకలను కూర్చిన మేధావిగా తలంతురు. ఈ మూడు పరిచయములు వేఱువేఱు గ్రంథములలో విడివిడిగా నుండుటచే ఆ జీవితమునందలి ఏకసూత్రత మఱుగుపడినది. ఆ మూడింటిని ఒక్కచోట చేర్చి చూచినపుడుగాని ఆయన క్రీడాశాస్త్రకృషి కేవలము కాలక్షేపమా, లేక విద్యయా యను ప్రశ్నకు సమాధానము లభింపదు.

జననము, పట్టాభిషేకము

కృష్ణరాజు 1794 జులై 14వ తేదీన శ్రీరంగపట్టణమున జన్మించెను. తండ్రి ఖాసా చామరాజ ఒడెయరు, తల్లి కెంపనంజమ్మణ్ణి. అప్పటికి మైసూరు రాజవంశము పేరునకు మాత్రమే మిగిలియుండెను. అధికారము హైదరలీ కాలమునుండియు అన్యాధీనమై, టిప్పు సుల్తాను చేతిలో నుండెను. 1796లో చామరాజు మరణింపగా, రాజకుటుంబము ప్రాసాదమును విడిచి సామాన్యగృహమున దైన్యముతో కాలము గడపవలసివచ్చెను. శిశువు తల్లినికూడ త్వరలోనే కోల్పోయెను. పితామహి లక్ష్మమ్మణ్ణి ఆ బాలుని పెంచెను. వంశమునకు రాజ్యము మరల దక్కవలెనని ఆమె అనేక సంవత్సరములనుండి రహస్యముగా ఆంగ్లేయులతో సంప్రదింపులు సాగించుచుండెను.

1799 మే 4న శ్రీరంగపట్టణ దుర్గము పతనమై టిప్పు హతుడయ్యెను. గెలిచినవారు రాజ్యములో కొన్ని భాగములను తాము తీసికొని, కొన్నింటిని నిజాముకు ఇచ్చి, మిగిలిన దేశమును పూర్వరాజవంశమునకు అప్పగింప నిశ్చయించిరి. ఆ సంవత్సరమే జూన్ 30న ఐదేండ్ల బాలునకు మైసూరున పట్టాభిషేకము జరిగెను. ఏటేట 7 లక్షల వరాహాలు ఈస్టిండియా కంపెనీకి చెల్లింపవలెననియు, పాలన సరిగా సాగనిచో కంపెనీ దానిని తన చేతిలోనికి తీసికొనవచ్చుననియు ఒడంబడికలో వ్రాయబడెను. ఈ రెండవ నియమమే ముప్పది రెండేండ్ల తరువాత ఆయనకు రాజ్యవియోగమును కలిగించినది.

బాల్యమున రాజ్యభారమును దివాను పూర్ణయ్య వహించెను. ఆయన హైదరు, టిప్పుల కొలువులలో పండిపోయిన నిపుణుడు. బొక్కసమును నింపి, చెరువులను కాలువలను బాగుచేయించి, రాజ్యమును స్థిరపఱచెను. 1810లో లక్ష్మమ్మణ్ణి పరలోకగతురాలయ్యెను. 1811లో పూర్ణయ్య అధికారమును యువరాజునకు అప్పగించి, మరుసటి సంవత్సరము దివంగతుడయ్యెను. ఇట్లు పదియేడేండ్ల వయస్సుననే, పెంచిన పితామహియు నడిపించిన మంత్రియు లేని స్థితిలో, కృష్ణరాజు స్వయముగా పాలన చేపట్టెను.

రాజ్యభారము, రాజ్యవియోగము

యువరాజు దానశీలుడు, కళాప్రియుడు, దేవబ్రాహ్మణభక్తుడు. దేవాలయములకు, విద్వాంసులకు, కళాకారులకు ఆయన ఇచ్చిన మాన్యములు అపారములు. కోటలోని ప్రసన్నకృష్ణస్వామి ఆలయమును 1829లో పూర్తిచేయించెను. చాముండి కొండపైని అమ్మవారి ఆలయమును ఉద్ధరించి గోపురమును కట్టించెను. కాని పూర్ణయ్య కూడబెట్టిన ద్రవ్యము ఈ ఔదార్యమున కరిగిపోయెను. ఋణములు పెరిగెను. 1825లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో స్వయముగా మైసూరునకు వచ్చి ఆర్థికస్థితిని గూర్చి రాజును హెచ్చరించెను.

దోషము లేదనుట సత్యము కాదు. పన్నులను వసూలుచేయు అధికారులు ముందుగా ఇంత మొత్తము తెచ్చెదమని శరతు పలికి ఉద్యోగములు పొందుచుండిరి. ఆ మొత్తమును రైతులనుండి పీడించి రాబట్టుచుండిరి. 1830లో నగర ప్రాంతమున రైతులు కూటములుగా చేరి తిరుగబడిరి. తిరుగుబాటు అణచబడినను, గవర్నరు జనరలు విలియం బెంటింక్ 1831లో ఒడంబడికలోని నియమమును ఉపయోగించి పాలనను స్వాధీనము చేసికొనెను. రాజునకు ఏటేట లక్ష వరాహాలును, నికరాదాయములో ఐదవ పాలును విడువబడెను. బిరుదము, సింహాసనము, దసరా దర్బారు మిగిలినవి. ఆజ్ఞాపించు అధికారము పోయినది.

తరువాత నియమింపబడిన విచారణసంఘము తిరుగుబాటు కారణములను పరిశీలించి, రాజుపై మోపబడిన ఆరోపణలలో అతిశయోక్తి కలదని తేల్చెను. బెంటింకే 1834లో రాజ్యములో కొంత భాగమునైనను తిరిగి ఇచ్చుటకు సూచన చేసెను. లండనులోని డైరెక్టర్లు దానిని అంగీకరింపలేదు. ఆ సంవత్సరమునుండి 1861 వఱకు మార్క్ కబ్బన్ కమిషనరుగా బెంగుళూరునుండి దేశమును పాలించెను. తన రాజ్యమును పరులు పాలించుచుండగా, తాను మైసూరు ప్రాసాదమున రాజచిహ్నములతో కూర్చుండుట కృష్ణరాజునకు ప్రాప్తించిన స్థితి. అప్పటికి ఆయన వయస్సు ముప్పది యేడేండ్లు. ఇంకను ముప్పది యేడేండ్ల జీవితము ముందున్నది. ఆ కాలమును ఆయన విలాసములలో వ్యర్థము చేయవచ్చును, నిస్పృహతో క్షీణింపవచ్చును. ఆయన ఈ రెండింటిని చేయక శాస్త్రమును ఆశ్రయించెను.

ఆస్థానము, గ్రంథరచన

మైసూరు ఆస్థానము ఆ దశలో దక్షిణదేశమున విద్వాంసులకు ప్రధానాశ్రయమయ్యెను. తంజావూరు సంస్థానము 1855లో అంతరించిన తరువాత ఆ ప్రాధాన్యము మఱింత హెచ్చెను. కెంపునారాయణుడు 1823లో ముద్రామంజూషను కన్నడ గద్యమున రచించినది ఈ ప్రభువు కాలముననే. రాజు అల్లుడైన లింగరాజ అరసు కవియై పేరుగాంచెను. చిత్తూరు సీమలోని గిరింపేటలో పుట్టి, వాలాజాపేట వేంకటరమణ భాగవతుల శిష్యుడై, త్యాగరాజస్వామి సంప్రదాయమును నిలిపిన సదాశివరావు ఈ ఆస్థానమున విద్వాంసుడై, మైసూరు సదాశివరావుగా ప్రసిద్ధి పొందెను. ఆయన తెలుగు కృతులు నేటికిని పాడబడుచున్నవి. 1833లో రాజు మైసూరున ఉచిత పాఠశాలను స్థాపించెను. పాలన పోయిన రెండేండ్లకే విద్యాదానమునకు పూనుకొనుట గమనింపదగినది.

రాజు పేర వెలసిన గ్రంథములలో ప్రధానమైనది శ్రీతత్త్వనిధి. ఇది తొమ్మిది నిధులుగా విభక్తము: శక్తినిధి, విష్ణునిధి, శివనిధి, బ్రహ్మనిధి, గ్రహనిధి, వైష్ణవనిధి, శైవనిధి, ఆగమనిధి, కౌతుకనిధి. పురాణాగమాదులనుండి ధ్యానశ్లోకములను సమకూర్చి, వానికి కన్నడ లిపిలో వ్యాఖ్యానమును, వర్ణచిత్రములను చేర్చిన బృహద్గ్రంథమిది. దేవతామూర్తుల లక్షణమును తెలిసికొనుటకు శిల్పులకును, ఆగమజ్ఞులకును ఇది ఆకరము. చివరిదైన కౌతుకనిధియందు క్రీడలు, యోగాసనములు మొదలగునవి చేరినవి. ఇందలి 122 ఆసనముల సచిత్రవర్ణనము 1996లో ఆంగ్లమున ప్రకటింపబడిన తరువాత యోగచరిత్ర పరిశోధకుల దృష్టి విశేషముగా ఈ గ్రంథముపై ప్రసరించినది. క్రీడాభాగమునకు అంతటి ఆదరము లభింపలేదు.

దేవతాధ్యానములతో మొదలిడిన గ్రంథము క్రీడలతో ముగియుట యాదృచ్ఛికము కాదు. తొమ్మిదింటిని నిధులని పేర్కొనుటలోనే గ్రంథకర్త దృష్టి తెలియుచున్నది. ఎనిమిది నిధులలో లోకమునందలి తత్త్వములు గణింపబడినవి. తొమ్మిదవదానియందు ఆ గణనమే వినోదరూపమును పొందినది. మైసూరు జగన్మోహన ప్రాసాదము 1861లో ఈ రాజు కట్టించినదే. దాని పైయంతస్తునందలి రంగమహలు గోడలపై వంశవృక్షము పద్మాకారమున సంతానాంబుజమను పేర చిత్రింపబడియున్నది. దసరా ఊరేగింపుతో పాటు ఆటపలకలును అక్కడ చిత్రితములై కనిపించును. వంశము, ఉత్సవము, క్రీడ అను మూడింటిని ఒకే గదియందు నిలిపిన ఆ చిత్రములు రాజహృదయమునకు ప్రతిబింబములు.

గుఱ్ఱపు నడక

ఆయన కృషిలో శాస్త్రదృష్టిచే అగ్రగణ్యమైనది చతురంగ తురగగతి. చతురంగమున గుఱ్ఱము నిలువునగాని అడ్డమునగాని రెండు గళ్ళు సాగి, ప్రక్కకు ఒక గడి తిరిగి వాలును. ఖాళీ పలకపై ఒక్క గుఱ్ఱమును నిలిపి, ఏ గడిని రెండవసారి తొక్కక, 64 గళ్ళను ఒక్కొక్కసారి తొక్కించుట సమస్య. ఇందు ప్రతిపక్షి లేడు, ఆటగాడు ఒక్కడే. చివరి గడినుండి మొదటి గడికి మరల ఒక ఎత్తులో చేరగలిగినచో అది పూర్ణచక్రమగును, చేరలేనిచో అపూర్ణగతియగును. పలక మధ్యనున్న గుఱ్ఱమునకు ఎనిమిది దారులు కలవు. మూలనున్నదానికి రెండే దారులు. కాబట్టి పూర్ణచక్రమున మూలగడికి వచ్చు దారి, పోవు దారి ముందే నిర్ణీతములై యుండును. మూలలను ఉపేక్షించినవాడు చివరకు చిక్కుపడును.

ఈ సమస్య మన ఆలంకారికులకు చిరపరిచితము. 9వ శతాబ్దియందు కాశ్మీరమున రుద్రటుడు కావ్యాలంకారమునందు చిత్రకావ్యభేదములను చెప్పుచు తురగపదబంధమును నిరూపించెను. 32 అక్షరముల శ్లోకమును నాలుగు పాదములుగా, పాదమునకు ఎనిమిదేసి అక్షరములుగా వ్రాసినచో అది చతురంగపు పలకలో సగమగును. వరుసగా చదివినను, గుఱ్ఱము నడచిన క్రమమున చదివినను ఒకే శ్లోకము వచ్చునట్లు అక్షరములను కూర్చుట రుద్రటుని పద్ధతి. వేదాంతదేశికులు పాదుకాసహస్రమునందలి చిత్రపద్ధతిలో దీనిని మఱింత ముందునకు నడిపిరి. మొదటి శ్లోకమునందలి అక్షరములను తురగగతిని చదివినచో రెండవ శ్లోకము వేఱుగా ఏర్పడును. చిత్రకావ్యమును మమ్మటుడు అవరకావ్యమని చెప్పినను, దేశికుల చేతిలో అది భగవత్పాదుకాస్తుతియై పవిత్రమైనది. 17వ శతాబ్దియందు భట్టనీలకంఠుడు భగవంతభాస్కరమున చతురంగమును, గుఱ్ఱపు నడకను చేర్చెను.

ఇచ్చట ఒక విశేషము కలదు. నాలుగు వరుసల సగపు పలకపై పూర్ణచక్రము సాధ్యము కాదు. ఎంత ప్రయత్నించినను గుఱ్ఱము బయలుదేరిన చోటికి తిరిగి రాలేదు. శ్లోకమునకు నాలుగు పాదములే యుండుటచే ఆలంకారికులు ఈ పరిమితిలో నిలువవలసివచ్చెను. అక్షరములను విడిచి అంకెలను స్వీకరించినపుడే 64 గళ్ళ పూర్తిపలకయు, పూర్ణచక్రమును సాధ్యమగును. కృష్ణరాజు చేసినది ఇదియే. గుఱ్ఱము తొక్కిన క్రమమున గళ్ళకు 1 నుండి 64 వఱకు అంకెలు వేయగా ఏర్పడు సంఖ్యాచక్రమును ఆయన పరిశీలించెను.

ఆ చక్రమున వరుసలలోని అంకెలను కూడగా సమానఫలము రావలెనని ఆయన తనకు తానే మఱియొక నియమమును విధించుకొనెను. 1 నుండి 64 వఱకు గల సంఖ్యల మొత్తము 2080; దానిని ఎనిమిది వరుసలకు పంచగా 260 వచ్చును. గుఱ్ఱము ప్రతి ఎత్తునకును గడి రంగు మార్చును; కావున బేసిసంఖ్యలన్నియు ఒక రంగు గళ్ళయందును, సరిసంఖ్యలన్నియు వేఱొక రంగు గళ్ళయందును పడును. ప్రతి వరుసయందును నాలుగు బేసులు, నాలుగు సరులు తప్పక ఉండవలెను. ఈ నిర్బంధములకు లోబడి 260ని సాధించుట ఎంత కష్టమో ప్రయత్నించినవారికే తెలియును. ఐరోపాలో ఆయిలరు 1759లో తురగగతిని గణితదృష్టితో విచారించెను. అడ్డువరుసలు, నిలువువరుసలు రెండును 260 అగు నడకను బెవర్లీ అను ఆంగ్లేయుడు 1848లో ప్రకటించెను. దాదాపు ఆ కాలముననే మైసూరున కృష్ణరాజు వరుసలు 260 అగు పూర్ణచక్రమును కూర్చెను. వరుసకు 12 గళ్ళ పెద్దపలకపైకూడ ఆయన ఈ యత్నమును విస్తరించెను. అచ్చట 144 గళ్ళు. వరుస మొత్తము 870.

సంఖ్యాచక్రములు మన దేశమున కొత్తవి కావు. నారాయణపండితుడు 1356లో రచించిన గణితకౌముదియందు భద్రగణితమను పేర వానికి ఒక ప్రకరణమునే కేటాయించెను. అలంకారశాస్త్రమునందలి తురగపదమును, గణితశాస్త్రమునందలి భద్రచక్రమును రెండు వేఱు ప్రవాహములు. ముమ్మడి కృష్ణరాజు కృతిలో ఈ రెండును సంగమించినవి. ఆయన స్థానమును నిర్ణయించుటకు ఈ సంగమమే ప్రధానప్రమాణము. అంతటి కఠిననియమములతో పాటు కర్ణరేఖలును 260 కావలెనను కోరిక అనేకులను చిరకాలము బాధించినది. 2003లో గణకయంత్రముల సహాయమున అన్ని అవకాశములను పరిశీలింపగా, అడ్డునిలువులు సమములైన నడకలు ఎనిమిది గళ్ళ పలకపై మౌలికముగా 140 మాత్రమే కలవనియు, వానిలో ఒక్కదానియందైనను రెండు కర్ణములును 260 కావనియు తేలినది. కంటిచూపు, చేతివ్రాత మాత్రమే సాధనములుగా గలవారు ఎంత గహనమైన అరణ్యమున సంచరించిరో దీనివలన ఊహింపవచ్చును.

ఛదక్రీడలు

కౌతుకనిధియందు మఱియొక విశేషము ఛదక్రీడలు. ఛదమనగా సంస్కృతమున ఆకు. ఇచ్చట ఆటకు ఉపయోగించు రేకు. గంజీఫా పారసీక దేశమునుండి వచ్చిన ఆట. మొగలుల గంజీఫాలో ఎనిమిది వర్గములు, వర్గమునకు పండ్రెండు చొప్పున 96 రేకులు. మన దేశమున అది దశావతార గంజీఫాగా మాఱి, పది అవతారములు పది వర్గములై 120 రేకులయ్యెను. తెలుగునాట నిర్మల చిత్రకారులు ఈ గుండ్రని రేకులను వ్రాయుటలో పేరుపొందిరి. ఇందు ప్రతి వర్గమునను రాజు, మంత్రి, ఒకటి మొదలు పది వఱకు అంకెరేకులు ఉండును. మొదటి ఐదు అవతారములలో పదియే అంకెలలో గొప్పది. తరువాతి ఐదింటిలో ఒకటి గొప్పది. పగటివేళ శ్రీరాముని రేకు గలవాడును, రాత్రివేళ శ్రీకృష్ణుని రేకు గలవాడును ఆటను ప్రారంభింతురు. ఆడిపోయిన రేకులన్నింటిని జ్ఞాపకముంచుకొనువానికే జయము.

కృష్ణరాజు ఈ ఆటను విపులీకరించెను. ఆయన కల్పించిన ఛదములలో సాధారణముగా వర్గమునకు పండ్రెండు అంకెరేకులు, ఆఱు మూర్తిరేకులు కలిసి 18 ఉండును. కొన్నింటిలో రేకుల సంఖ్య 360 వఱకు పెరిగినది. చాముండేశ్వరీఛదము, నవగ్రహఛదము, దిక్పాలఛదము, పంచపాండవఛదము మొదలగు పేర్లే వాని స్వరూపమును చెప్పుచున్నవి. శక్తినిధియందును గ్రహనిధియందును ధ్యానశ్లోకములచే నిరూపింపబడిన మూర్తులే ఇచ్చట రేకులపై అవతరించినవి. ఆటగాడు ఏ వర్గమునకు ఏ అధిపతియో, ఏ మూర్తికి ఏ వాహనమో ఎఱుగక ఆడలేడు. ఈ విధముగా శ్రీతత్త్వనిధి పాఠమే క్రీడారూపమున అభ్యసింపబడును.

ఇందు లోపమునుకూడ చెప్పవలెను. ఈ ఛదములు ఆస్థానమును దాటి ప్రజలలో వ్యాపింపలేదు. నియమముల బాహుళ్యము, రేకుల వ్యయము, ధారణాక్లేశము దీనికి కారణములు. తెలుగు పల్లెలలో గుడి అరుగుపై గీతలు గీసి, మూడు పులులను, పదునైదు మేకలను నిలిపి ఆడు పులిజూదము ఏ రాజపోషణము లేకయే తరతరములు నిలిచినది. దానికి గులకరాళ్ళు చాలును. సులభసాధనమే క్రీడకు ఆయుర్దాయము. రాజు కల్పించిన క్రీడలకు ఆ భాగ్యము లేకపోయెను. అవి క్రీడలుగా నశించినను గ్రంథముగా నిలిచినవి.

కర్తృత్వ విచారము

శ్రీతత్త్వనిధి మొదలగునవి రాజు స్వయముగా రచించినవా, ఆస్థానపండితులు రచించి ఆయన పేర వెలయించినవా యను సందేహము కలుగుట సహజము. మానసోల్లాస విషయమునను, భోజుని గ్రంథముల విషయమునను ఇట్టి శంకయే కలదు. పురాణాగమములను వెదకి శ్లోకములను ఏర్చి కూర్చుట, వందలకొలది చిత్రములను వ్రాయించుట ఏకవ్యక్తిసాధ్యములు కావు. పండితుల, చిత్రకారుల శ్రమ ఇందు నిస్సందేహముగా కలదు. కాని ధ్యానశ్లోకముల వర్గీకరణమునందును, ఛదముల కల్పనమునందును, తురగచక్రములయందును ఒకే లక్షణము కానవచ్చుచున్నది. అది సంఖ్యాప్రీతి, విభాగప్రీతి, ఖాళీగడి యొక్కటియు మిగులరాదను పట్టుదల. శాస్త్రభేదము కలిగిన కృతులలో ఇట్టి ఏకరూపత పలువురు పండితుల స్వభావమునుండి పుట్టజాలదు. వారిని నియోగించిన ఒక్క మనస్సునుండి పుట్టినదనుట యుక్తము. గ్రంథమునకు శరీరము పండితదత్తము, ప్రాణము రాజదత్తము అని సమన్వయింపవచ్చును.

ఈ పట్టుదలకు ఆయన జీవితస్థితియు కారణమైయుండును. దేశమున ఒక్క గ్రామాధికారిని నియమించుటకును అధికారము లేని రాజు, 64 గళ్ళ పలకపై ఏ గడియు విడువబడని, ఏ వరుసయు తక్కువ కాని వ్యవస్థను నిర్మించెను. కాని దీనిని కేవలము దుఃఖోపశమనముగా తలచుట పొరపాటు. అదే కాలమున ఆయన తన హక్కునకై ఎడతెగని పోరాటమును సాగించుచుండెను.

చరమదశ

డల్హౌసీ గవర్నరు జనరలుగా నుండిన 1848–1856 మధ్య, ఔరససంతానము లేని ప్రభువుల రాజ్యములు వరుసగా కలుపుకొనబడెను. సతారా 1848లోను, నాగపురము, ఝాన్సీ 1854లోను అట్లు పోయినవి. కృష్ణరాజునకును రాజ్యార్హుడైన ఔరసపుత్రుడు లేడు. తన అనంతరము మైసూరునకును అదే గతి పట్టునను భయము ఆయనను వెంటాడెను. రాజ్యమును తిరిగి ఇమ్మని ఆయన విన్నపముపై విన్నపము పంపుచుండెను. తిరస్కారముపై తిరస్కారము వచ్చుచుండెను. 1857 సంక్షోభమున ఆయన ఆంగ్లేయులతో మైత్రిని విడువలేదు. తరువాతను తన వాదమును విడువలేదు. 1865 జూన్‌లో, అధికారుల అనుమతికై నిరీక్షింపక, శాస్త్రోక్తముగా చామరాజేంద్రుని దత్తత చేసికొనెను. ఆ బాలునకు అప్పటికి రెండేండ్లు. దత్తపుత్రునకు పిండప్రదానాధికారమే కాక రాజ్యాధికారమును కలదను ధర్మశాస్త్రసమ్మతమైన వాదము ఆయన పక్షమున నిలిచెను. ఇంగ్లండులోను కొందఱు పెద్దలు దానిని సమర్థించిరి.

1867లో ఇంగ్లండు ప్రభుత్వము దత్తతను అంగీకరించి, బాలుడు యుక్తవయస్కుడైన పిమ్మట రాజ్యమును అతనికి అప్పగింప నిశ్చయించెను. వృద్ధరాజునకు మాత్రము పాలన తిరిగి రాలేదు. 1868 మార్చి 27న, డెబ్బది మూడేండ్ల వయస్సున ఆయన పరమపదించెను. మూడేండ్లకు, 1871లో, ఔరంగాబాదు హరికృష్ణపండితుని క్రీడాకౌశల్యము వెలువడినది. సంస్కృతమున క్రీడాశాస్త్రసంప్రదాయము ఆయనతో అంతరింపలేదనుటకు అది సాక్ష్యము.

దేశీయ చతురంగ సంప్రదాయములు కొన్నింటిలో ఒక నియమము కలదు. బలగమంతయు పోయి రాజు ఒక్కడే మిగిలినచో ఆటకట్టు అయినట్లు పూర్ణపరాజయముగా ఎంచరు; ప్రతిపక్షికి అర్ధవిజయమే దక్కును. ముమ్మడి కృష్ణరాజు చరిత్రకు ఈ నియమము సరిపోవుచున్నది. 1881 మార్చి 25న మైసూరు రాజ్యము చామరాజేంద్ర ఒడెయరునకు అప్పగింపబడినది. ఆ ప్రభువు కాలమున 1891లో మైసూరు ప్రాచ్యగ్రంథాలయము స్థాపింపబడినది. ఆ గ్రంథాలయముననే 1905లో శామశాస్త్రి కౌటిలీయార్థశాస్త్రమును గుర్తించెను. 1909లో దానిని ప్రకటించెను. ద్యూతాధ్యక్షుని ధర్మములను చెప్పిన ఆ గ్రంథము లోకమునకు వెల్లడియైన చోటనే, తరువాతి కాలమున శ్రీతత్త్వనిధి సంపుటములును పరిష్కృతములై వెలువడినవి. 1865లో ఆ దత్తత జరుగకున్నను, దానికై ఆయన పోరాడకున్నను, మైసూరు సంస్థానమే నిలిచియుండెడిది కాదు. దానితో పాటు ప్రాచ్యవిద్యకు ఈ ఆశ్రయమును ఉండెడిది కాదేమో. కౌతుకనిధియందలి క్రీడాభాగము సమగ్రముగా పరిష్కరింపబడి, అలంకార గణితశాస్త్రములు రెండును తెలిసినవారిచే వ్యాఖ్యానింపబడినపుడు ఆ ప్రభువు ఋణము కొంత తీఱును.